కడితం, కచేరి, కంప్యూటరు: చిక్కబళ్ళాపురం సీమలో భూదాఖలాల వెతుకులాట

కంప్యూటరులోని ఫైల్ మేనేజరుపై వినిపించే ఫిర్యాదులలో ముఖ్యమైనది, ప్రతి ఫైలునూ ఏదో ఒక ఫోల్డరులోనే ఉంచవలసి రావడం, ఆ ఫోల్డరు గుర్తు రానప్పుడు ఫైలు ఉండి కూడా లేనట్లే కావడం. ఫోల్డరులో ఫోల్డరుగా సాగే ఈ అమరికను 1965లో మల్టిక్స్ అనే వ్యవస్థ రూపకర్తలు వివరించారు. అయితే 2007 వరకు కోలారు జిల్లాలో ఉండిన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల రైతులకు ఈ చిక్కు పంతొమ్మిదో శతాబ్దపు రెవెన్యూ కచేరీల నుండే తెలుసు.

అంతకు పూర్వం మైసూరు సీమలో గ్రామలెక్కలు కడితాల మీద ఉండేవి. కడితమంటే చింతగింజల జిగురునూ బొగ్గుపొడినీ కలిపి రెండువైపులా పూసి, ఆరిన తరువాత విసనకర్రలాగా మడిచిన పొడవాటి నూలుగుడ్డ. దాని మీద బలపంతో రాసేవారు, అక్కరలేనిదాన్ని తుడిచి మళ్ళీ రాసేవారు. మార్క్ విల్క్స్ 1810లో వెలువరించిన మైసూరు చరిత్రలో దీని వర్ణన ఉంది. తుడిచి రాయగలగడం సౌకర్యమే గాని, తుడిచినదేమిటో, ఎవరు తుడిచారో గుడ్డ చెప్పదు. ఆ సంగతి చెప్పవలసినవాడు శానుభోగుడు, అంటే ఆంధ్రదేశంలో కరణమని పిలిచే గ్రామలెక్కల అధికారి. ఈ పదవి వంశపారంపర్యం కాబట్టి లెక్కలతోపాటు వాటిని వెతికే నేర్పు కూడా తండ్రి నుండి కొడుకుకు వచ్చేది.

మైసూరు సంస్థానంలో 1863లో మొదలైన రెవెన్యూ సర్వే పొలాలను కొలిచి, ఒక్కొక్కదానికి సర్వే నంబరు ఇచ్చి, విస్తీర్ణాన్ని ఎకరాలలోనూ, ఎకరాకు నలభై చొప్పున గుంటలలోనూ నమోదు చేసింది. ఆపైన ఒక పొలాన్ని చేరడానికి జిల్లా, తాలూకా, కొన్ని గ్రామాల సముదాయమైన హోబళి, గ్రామం, సర్వే నంబరు, అందులోని భాగమైన హిస్సా అనే మెట్లన్నీ వరుసగా దిగవలసి వచ్చింది. శిస్తు వసూలు చేసే ప్రభుత్వానికి ఇంతకన్న అనువైన అమరిక లేదు, ఎందుకంటే దానికి కావలసింది భూమి. రైతుకు మాత్రం తాత పేరు, అన్నదమ్ములు పంచుకున్న కాలం, పొలం పక్కనున్న చెరువు గుర్తుంటాయి, నంబరు గుర్తుండదు. ఆ గుర్తులను నంబరుగా మార్చి చెప్పగలిగిన శానుభోగుడికి ఊరిలో ఉండిన పలుకుబడికీ, దాని దుర్వినియోగానికీ ఇదొక ప్రధాన కారణం.

1961 నాటి గ్రామ పదవుల రద్దు చట్టం 1963లో అమలులోకి వచ్చి వంశపారంపర్య శానుభోగాన్ని తొలగించింది. బదిలీలతో వచ్చిపోయే గ్రామ లెక్కాధికారులకు రాతలు అందాయి గాని, వాటిని వెతికే జ్ఞాపకం అందలేదు. న్యాయమైన సంస్కరణే అయినా, పోయిన ఆ జ్ఞాపకానికి బదులుగా పేర్ల సూచికను తయారు చేయించవలసిందన్న ఆలోచన దానికి తోడు కాలేదు.

కర్ణాటక ప్రభుత్వపు భూమి పథకం 2002 నాటికి రాష్ట్రమంతటా సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల పహణీలను కంప్యూటరుకు ఎక్కించింది. హక్కు, కౌలు, పంట వివరాలను చూపే పత్రమే పహణీ. అది తాలూకా కచేరిలో పదిహేను రూపాయలకు దొరికేది, చేతిరాత పహణీ చెల్లకుండా పోయింది. హక్కుమార్పు దరఖాస్తులను వచ్చిన వరుసలోనే పరిష్కరించే కట్టడిని, మార్పు చేసిన ఉద్యోగిని వేలిముద్రతో గుర్తించే ఏర్పాటును సాఫ్ట్‌వేరులోనే ఉంచారు. కడితానికి లేని గుణం ఇదే, అంటే మార్పు జాడ నిలవడం. ఇంట్లో వాడే ఫైల్ మేనేజర్లు సైతం దీన్ని ఇంకా సరిగా అలవరచుకోలేదు.

అయినా పేరుతో వెతకడం ఈ సీమలో సులువు కాదు. ఇంట తెలుగు మాట్లాడే రైతు పేరు కచేరిలో కన్నడ లిపికి ఎక్కుతుంది. ఒక్క మనిషే ఒక పత్రంలో వెంకటరమణప్ప, మరొకదానిలో వెంకటరవణప్ప, ఇంకొకదానిలో వట్టి రమణప్ప కావచ్చు. అక్షరం అక్షరం సరిపోల్చే యంత్రానికి వీరు ముగ్గురు. ఉచ్చారణలో దగ్గరగా ఉన్న పేర్లన్నిటినీ కలిపి చూపడం, ఒకే పత్రాన్ని సర్వే నంబరు కిందా, వంశం కిందా, సంవత్సరం కిందా ప్రతులు తీయకుండానే చేరనివ్వడం వంటి సదుపాయాలు కొత్త ఊహలేమీ కావు, గ్రంథాలయాల కార్డు సూచికలు ఎన్నడో చేసిన పనులే.

భూమి పథకం ముఖ్యంగా నడుస్తున్న హక్కులను ఎక్కించింది. పాత దస్త్రాల కట్టలు రికార్డు రూములలోనే మిగిలాయి. వాటిని స్కాన్ చేసే భూ సురక్ష పథకం 2024లో మొదలైంది. స్కాన్ చేసిన పుటకు కట్ట నంబరు, పుట సంఖ్య మాత్రమే తగిలిస్తే అది ఆ నంబరు తెలిసినవాడికే దొరుకుతుంది. కాబట్టి ఈ పనిలో కష్టమైన భాగం బొమ్మ తీయడం కాదు, మసకబారిన పాత చేతిరాత చదివి పేర్లనూ, సంవత్సరాలనూ, సర్వే నంబర్లనూ సూచికలోకి ఎక్కించడం; దానికి పాత కన్నడ రాతతోపాటు ఈ ఊళ్ళ తెలుగు పేర్లు కూడా ఎరిగినవారు కావాలి.