"నువ్వు గెలుస్తావా?"



టికెట్ అడిగిన దళిత కార్యకర్తకు పార్టీ ఆఫీసులో ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే.

1967లో ఎల్లారెడ్డి ఎస్సీ రిజర్వుడు స్థానం. కాంగ్రెస్ అభ్యర్థి టి.ఎన్. సదాలక్ష్మి. 1957లో కామారెడ్డి నుంచి, 1962లో ఎల్లారెడ్డి నుంచి గెలిచిన నాయకురాలు. డిప్యూటీ స్పీకర్‌గా, మంత్రిగా పనిచేశారు. ఆమె మీద నిలబడ్డది జె. ఈశ్వరీబాయి. బాబాసాహెబ్ ఆలోచనలోంచి పుట్టిన రిపబ్లికన్ పార్టీ ఆమెది. బలాబలాలు లెక్కేస్తే ఆశ తక్కువ. అయినా గెలిచారు. 1972లో మళ్లీ గెలిచారు.

ఇద్దరూ మన ఆడబిడ్డలే. ఒకరిని తగ్గించడానికి ఇది రాయడం లేదు.

అదే 1972లో అమెరికాలో షిర్లీ చిషోమ్ డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం కోసం నిలబడింది. అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆమె. పార్టీ మహాసభలో 152 ఓట్లు వచ్చాయి. అభ్యర్థిత్వం మెక్‌గవర్న్‌కు దక్కింది. దేశ ప్రజల ముందుకు అభ్యర్థిగా వెళ్లే అవకాశమే ఆమెకు రాలేదు.

తేడా ఎక్కడుంది? చిషోమ్‌ను ఆపింది పార్టీ గడప. ఈశ్వరీబాయికి రిజర్వేషన్ చోటిచ్చింది, సొంత పార్టీ టికెట్ ఇచ్చింది. తీర్పు ఓటర్లే చెప్పారు.

ఇప్పుడు కామారెడ్డి, ఎల్లారెడ్డి రెండూ జనరల్ స్థానాలు. 2023లో కామారెడ్డిలో కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ ఓడిపోయారు. అంత పెద్దవాళ్ల లెక్కలే తప్పాయి. మరి మన బిడ్డ టికెట్ అడిగితే మాత్రం ఓటమిని ముందే ఎవరు తేలుస్తున్నారు?

ఆ ప్రశ్న మనం తిరిగి అడగాలి.

జై భీమ్.