చెవులకు హెడ్‌ఫోన్లు, నోటికి తాళం

గుంటూరులో విజయవాడ బస్సెక్కితే కాసేపటికే పెదకాకాని వస్తుంది. మల్లేశ్వరస్వామి గుడి, రాహుకేతు పూజలకు వచ్చే జనం, హైవే పక్కన ప్లాట్లయిపోయిన పొలాలు. ఈ మండలంలోని నంబూరు దగ్గరే ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఉంది. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరులో పెట్టిన పీజీ సెంటర్ దీనికి మూలం. 1976 సెప్టెంబర్ 11న అప్పటి రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ దీన్ని యూనివర్సిటీగా ప్రారంభించారు. మరో ముప్ఫై ఏళ్లకు ఈ దారి పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలు లేచాయి. వాటిలో ఏ కాలేజీకి వెళ్లినా ఒక గది తప్పకుండా కనిపిస్తుంది. వరసగా కంప్యూటర్లు, ఒక్కోదానికి ఒక హెడ్‌ఫోన్, తలుపు మీద ‘ఇంగ్లిష్ ల్యాంగ్వేజ్ ల్యాబ్’ అని బోర్డు. మిర్చి యార్డుకు టిక్కీలు తోలే రైతు కొడుకు, పత్తి తీతకు వెళ్లే కూలీ కూతురు పక్కపక్కనే కూర్చుని, ఎవరో దొర గొంతు చెప్పే మాటలు వింటుంటారు.

ఆ గది దాకా రావడానికి గుంటూరు సీమకు నూట డెబ్బై ఏళ్లు పట్టింది. అందులో తొలి వందేళ్లు యంత్రం ఊసే లేదు. 1842 జులై 31న లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ గుంటూరులో అడుగుపెట్టాడు. ఆ మిషన్ పెట్టిన బడుల నుంచే 1885లో కాలేజీ వచ్చింది, అదే తర్వాత ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ అయింది. ఆ కాలేజీలో దొరల నోటి ఇంగ్లిషు వినే భాగ్యం కొద్దిమందికే దక్కింది. మిగతా జిల్లాకంతా ఇంగ్లిషంటే పుస్తకంలో ఉన్నది, మాస్టారు పలికింది. నల్లబల్ల, పలక, బెత్తం, ఇవే పరికరాలు. వ్యాకరణం బట్టీ పట్టించడం, పాఠాన్ని వాక్యం వాక్యంగా తెలుగులోకి దించడం, ఇదే పద్ధతి. ‘కన్యాశుల్కం’లో గిరీశం, వెంకటేశం కలిసి ఇంగ్లిషులో మాట్లాడుకుంటుంటే వెంకటేశం తల్లి మురిసిపోయే రంగం గుర్తుందిగా? అర్థం ఎవరికీ అక్కర్లేదు, చప్పుడు చాలు. గురజాడ కన్ను ఎంత పదునైందో చూడండి. ఇవాళ్టి కాన్వెంట్ స్కూలు వార్షికోత్సవానికీ ఆ రంగం అతికినట్టు సరిపోతుంది.

భాష నేర్పడానికి శబ్దాన్ని దాచిపెట్టే యంత్రాన్ని వాడొచ్చన్న ఆలోచన బయటి ప్రపంచంలో ముందే పుట్టింది. 1901లో లండన్‌లో లింగ్వాఫోన్ సంస్థ మొదలైంది. 1908లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ యూనివర్సిటీలో ఫోనోగ్రాఫ్‌లతో ల్యాబ్ లాంటిది పెట్టారు. గ్రామఫోను మనవైపూ వచ్చింది, కాకపోతే నాటక పద్యాల ప్లేట్ల కోసం. తెనాలి, గుంటూరు వాళ్లకు పద్యం మీద ఉన్న మోజు ఇంగ్లిషు ఉచ్చారణ మీద ఎందుకుంటుంది! 1948 డిసెంబర్ 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక ఈ మైదానాల్లో గాలిలోంచి గొంతు వినపడటం మామూలైంది. బీబీసీ 1943 నుంచే రేడియోలో ఇంగ్లిషు పాఠాలు చెబుతోంది. రేడియోతో చిక్కేమిటంటే అది ఆగదు, వెనక్కి తిరగదు. అర్థం కాని ముక్కను మళ్లీ చెప్పమని అడగలేం.

ఆ చిక్కు టేప్ రికార్డర్‌తో తీరింది. ఇక్కడ హైదరాబాద్ కథ చెప్పాలి. 1958లో అక్కడ సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ పెట్టారు. ఇంగ్లిషు మాస్టార్లకు శిక్షణ ఇవ్వడం దాని పని. తొలినాళ్లలో కన్నడ కవి వి.కృ. గోకాక్ దానికి డైరెక్టర్‌గా పనిచేశారు. 1972లో విదేశీ భాషలూ చేరి సీఐఈఎఫ్‌ఎల్ అయింది, 2007లో ఇఫ్లూ పేరుతో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. రాష్ట్రం నలుమూలల నుంచి మాస్టార్లు అక్కడికి వెళ్లి, తమ గొంతు టేపులో తామే విని సిగ్గుపడి, ఫొనెటిక్ గుర్తులు నేర్చుకుని ఊళ్లకు తిరిగొచ్చేవాళ్లు. ఊళ్లో తరగతికి అరవైమంది పిల్లలు, చేతిలో చాక్‌పీసు. నేర్చుకున్నది ఎంతవరకు దిగేదో ఊహించుకోవచ్చు.

ఆ సంస్థలో ఆర్.కె. బన్సాల్ అనే ఆచార్యుడు చేసిన పరిశోధన నాకు బాగా నచ్చుతుంది. భారతీయులు మాట్లాడే ఇంగ్లిషు పరాయి వాళ్లకు ఎంత అర్థమవుతుంది? దీన్ని ఆయన అభిప్రాయాలతో తేల్చలేదు. మనవాళ్ల మాటల్ని టేపుల మీద రికార్డు చేసి, బయటి దేశాల వాళ్లకు వినిపించి, వాళ్లకు ఎన్ని మాటలు అందాయో లెక్క కట్టారు. వరసగా మాట్లాడినప్పుడు బ్రిటిష్ శ్రోతలకు సగటున 70 శాతమే అందింది. 1969లో ఇది పుస్తకంగా వచ్చింది. కారణాల్లో ముఖ్యమైనది, మాటలో ఏ భాగాన్ని నొక్కి పలకాలో మనం తప్పడం. హోటల్ అనేటప్పుడు ఇంగ్లిషువాడు రెండో భాగాన్ని నొక్కుతాడు, మనం మొదటిదాన్ని నొక్కుతాం. అంతే, వాడికి ఆ మాట చేరదు. 1972లో జె.బి. హారిసన్‌తో కలిసి బన్సాల్ ‘స్పోకెన్ ఇంగ్లిష్ ఫర్ ఇండియా’ రాశారు. మనవాళ్లను దొరల్లా మాట్లాడించాలని ఆ పుస్తకం పంతం పట్టలేదు. ఎదుటివాడికి అర్థమయ్యేలా మాట్లాడితే చాలంది. ఆ మాట తర్వాత వచ్చిన ల్యాబుల వాళ్లు తలకెక్కించుకుని ఉంటే ఎంత బాగుండేది.

ఆ తర్వాత చాలా వచ్చాయి, చాలా పోయాయి. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టి, రేడియో పాఠాలను, క్యాసెట్లను ఇంటికి చేర్చింది. 1984 ఆగస్టు 15న యూజీసీ దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ మొదలుపెట్టింది. అవి ఇంగ్లిషులో సాగే పాఠాలు కాబట్టి, ఇంగ్లిషు వచ్చినవాడికే ఇంగ్లిషు మరింత వచ్చేది. బస్టాండు పుస్తకాల షాపుల్లో రాపిడెక్స్ పుస్తకం అమ్ముడుపోతూనే ఉండేది. ఈనాడులో ఎం. సురేశన్ రాసిన స్పోకెన్ ఇంగ్లిష్ శీర్షికను ఎందరో కత్తిరించి దాచుకున్నారు. కరెంటు అక్కర్లేని పరికరం అది. ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు వాక్యాలు, కింద తెలుగులో వివరణ. పక్కన ఎవరైనా ఉంటే చదివి పలికే వీలుంది.

గమనిస్తే ప్లేటు, రేడియో, టేపు, టీవీ, అన్నీ మాట్లాడేవే. పిల్లాడు నోరు తెరిస్తే వినే దిక్కు లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ప్రాథమిక బడుల కోసం ఆకాశవాణి ప్రసారం చేసిన ‘విందాం నేర్చుకుందాం’లో ఈ లోటు కొంత తీరింది. రేడియోలో అడిగి, పిల్లలంతా జవాబు చెప్పడానికి కాసేపు ఆగి, మళ్లీ అందుకునే పద్ధతి అది. రేడియోకు పిల్లల జవాబు వినపడదు. కానీ ఆ ఖాళీలో పిల్లల నోళ్లు పెగిలేవి. చాలా ఖరీదైన ల్యాబుల్లో లేని సంగతి ఇది.

వినే యంత్రం హైదరాబాద్ శివార్లలోని పీర్జాదిగూడకు 2000ల తొలినాళ్లలో వచ్చింది. ఢిల్లీలో గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చి, పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారని 1999లో చూపిన సుగతా మిత్రా, హైదరాబాద్ పాతబస్తీలోని చవక ప్రైవేటు బడుల మీద పనిచేసిన జేమ్స్ టూలీ, మరికొందరు కలిసి ఒక ప్రయోగం చేశారు. పీర్జాదిగూడలోని ఒక ప్రైవేటు బడిలో 16 మంది పిల్లల్ని ఎంచుకున్నారు. ఇంగ్లిషు నేర్పే ఒక సాఫ్ట్‌వేరు, మాట వింటే టైపు చేసే డ్రాగన్ అనే ప్రోగ్రామ్, నాలుగు హాలీవుడ్ సినిమాలు ఇచ్చారు. మాస్టారు మాత్రం లేరు. పిల్లలు నలుగురేసి జట్లుగా కంప్యూటర్ ముందు చేరి, ఒక పేరా చదవాలి. తాను విన్నదాన్ని యంత్రం తెర మీద టైపు చేస్తుంది. ఆ ప్రోగ్రామ్‌కు ముందుగా ఇంగ్లిషు దేశం గొంతు అలవాటు చేశారు కాబట్టి, మన పిల్లలు చదివితే మొదట్లో తెర మీద అడ్డదిడ్డమైన మాటలు పడతాయి. మాట సరిగా పడేదాకా పిల్లలు ఒకర్నొకరు దిద్దుకుంటూ మళ్లీ మళ్లీ పలకాలి. కొన్ని నెలల్లో వాళ్ల ఉచ్చారణ బాగుపడిందని యంత్రమూ చెప్పింది, విడిగా విని మార్కులు వేసిన మనుషులూ చెప్పారు. 2003లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ నాలుగు సినిమాల్లో ‘మై ఫెయిర్ లేడీ’ ఒకటి కావడం తమాషా. పూలమ్ముకునే పిల్ల గొంతును ఫోనోగ్రాఫ్ ముందు కూర్చోబెట్టి మార్చే ప్రొఫెసర్ కథ అది.

పీర్జాదిగూడలో పనిచేసింది యంత్రం ఒక్కటే అని నేననుకోను. ఒక కంప్యూటర్‌కు నలుగురు పిల్లలు ఉండటం వల్ల మాట పుట్టింది, నవ్వు పుట్టింది, పోటీ పుట్టింది. ఆ రహస్యాన్ని మన కాలేజీలు తిరగేసి పట్టుకున్నాయి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు, కాల్‌సెంటర్లు హైదరాబాద్‌కు వచ్చాక ఇంటర్వ్యూలో నోరు పెగలని ఇంజినీర్ల సంగతి అందరికీ తెలిసింది. జేఎన్టీయూ బీటెక్ మొదటి ఏడాదిలోనే ఇంగ్లిష్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్‌ను తప్పనిసరి చేసింది. 2009 నాటి జేఎన్టీయూ హైదరాబాద్ సిలబస్ చూస్తే ముచ్చటేస్తుంది. ఇంగ్లిషు పాఠ్యప్రణాళికలో పెంటియమ్-4 ప్రాసెసర్, 2.8 గిగాహెర్ట్జ్ వేగం, 512 ఎంబీ ర్యామ్, 80 జీబీ హార్డ్‌డిస్క్ ఉండాలని రాశారు. హెడ్‌ఫోన్లు మేలు రకానివై ఉండాలట. ఒకరికి ఒక సిస్టమ్ చొప్పున ఈ ల్యాబు ఒకటి, కుర్చీలు అటూఇటూ జరుపుకుని మాట్లాడుకోవడానికి మరో గది ఒకటి ఉండాలని అందులోనే ఉంది. ఆ రెండో గదే అసలైన ల్యాబ్. తనిఖీకి వచ్చేవాళ్లు మాత్రం లెక్కపెట్టేది కంప్యూటర్లనే కదా, అందుకని మొదటి గది మీదే ఖర్చు పెట్టారు.

ఆ మొదటి గదిలో ఒక పిరియడ్ ఎలా నడుస్తుందో చూడండి. తెర మీద రెండు మాటలు వస్తాయి, ఒకటి పడమర దిక్కు, ఇంకోటి బనియను లాంటి లోదుస్తు. తెలుగు లిపిలో రెండూ ‘వెస్ట్’ అనే రాస్తాం, తెలుగు నోటికి రెండూ ఒకటే. హెడ్‌ఫోన్‌లో దొర గొంతు రెండింటినీ వేరుచేసి పలుకుతుంది. మొదటిదానికి పెదాలు సున్నా చుట్టాలి, రెండోదానికి పైపళ్లు కింది పెదాన్ని తాకాలి. పిల్లాడు నొక్కాల్సింది మౌస్, సరైన మాటను గుర్తిస్తే మార్కు. వాడు అది గుర్తించడం నేర్చుకుంటాడు, పలకడం మాత్రం మాస్టారు వెనక నుంచి వచ్చి హెడ్‌ఫోన్ తీయించి, ‘ఏదీ, నా పెదాలు చూడు, ఇప్పుడు నువ్వను’ అన్నాకే మొదలవుతుంది. మంచి మాస్టార్లున్న చోట ఆ గదుల్లో గోల గోలగా ఉంటుంది. ప్రిన్సిపాళ్లకు అది నచ్చదు.

బడి పిల్లల వంతు తర్వాత వచ్చింది. 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బళ్లలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషు ఉన్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. నా దృష్టిలో ఈ కాలపు పరికరాలన్నిటిలో మేలైనది అదే. 2022 డిసెంబర్ 21న తెనాలికి దగ్గర్లోని చుండూరు మండలం యడ్లపల్లి బడిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన శామ్‌సంగ్ ట్యాబుల పంపిణీ ప్రారంభించారు. పిల్లలకూ టీచర్లకూ కలిపి ఐదు లక్షల పైచిలుకు ట్యాబులు. 2023 జూన్‌లో టోఫెల్ అనే ఇంగ్లిషు పరీక్ష నిర్వహించే ఈటీఎస్ సంస్థతో ప్రభుత్వానికి ఒప్పందం కుదిరింది. మూడో తరగతి నుంచే పరీక్షలని చెప్పారు. ఆ పరీక్షల బరువు ప్రధానంగా వినడం, చదవడం మీదే, మళ్లీ నోటికి పని తక్కువే. 2024లో ప్రభుత్వం మారింది, అదే ఏడాది జులైలో బైజూస్ దివాలా విచారణకు వెళ్లింది. ఇవన్నీ రాజకీయంగా ఎవరి వాదన వాళ్లు చేసుకునే విషయాలు. ట్యాబు అందుకున్న పిల్లాడి వైపు నుంచి చూస్తే, అదీ మాట్లాడే పెట్టే.

ఈలోగా వినే యంత్రం ఫోన్లోకి వచ్చేసింది. 2019 మార్చిలో గూగుల్ మన దేశంలో ‘బోలో’ యాప్ తెచ్చింది, తర్వాత దాని పేరు ‘రీడ్ అలాంగ్’ అయింది. పిల్లాడు కథ పైకి చదువుతుంటే వింటుంది, తడబడిన చోట మాట పలికి చూపిస్తుంది. పీర్జాదిగూడలో అన్ని ఏర్పాట్లు చేస్తే వచ్చిన సౌకర్యం ఇప్పుడు నాన్న ఫోన్లో ఉచితం. అయితే ఈ యంత్రాలకు ఎవరి గొంతు ఎంత అందుతుంది? 2020లో అమెరికాలో ఐదు పెద్ద కంపెనీల ప్రోగ్రాములను పరీక్షిస్తే, తెల్లవాళ్ల మాటల్లో కంటే నల్లవాళ్ల మాటల్లో అవి దాదాపు రెట్టింపు తప్పులు చేశాయని తేలింది. మన దగ్గర మద్రాసు ఐఐటీకి చెందిన ఏఐ4భారత్ బృందం 2023లో ‘స్వర’ పేరుతో మనవాళ్ల ఇంగ్లిషు గొంతులు సేకరించింది. దేశంలోని 65 ప్రాంతాల నుంచి 117 మంది, తొమ్మిదిన్నర గంటలకు పైగా మాటలు. వాటిని యంత్రాలకు వినిపించి ఎంత అందిందో లెక్కగట్టారు. బన్సాల్ టేపులు పట్టుకుని చేసిన పరీక్షే ఇది. అప్పుడు వినే కుర్చీలో ఇంగ్లండు మనిషి ఉన్నాడు, ఇప్పుడు సాఫ్ట్‌వేరు కూర్చుంది. మన గొంతు దానికి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదని పరీక్ష చెప్పింది.