గేటు ఉన్న చోటే పన్ను

ఉత్తర తెలంగాణలో బెట్టింగ్ అనగానే ఐపీఎల్, సెల్‌ఫోన్, అప్పులు అంటూ నిన్నమొన్న పుట్టిన రోగంలా చెప్పడం అలవాటైంది. దాన్ని చట్టబద్ధం చేసి పన్ను వేస్తే ఖజానా నిండుతుందన్న వాదనా వెంటే వస్తోంది. రెండు మాటలూ చరిత్రను చూడకుండా అంటున్నవే. పందెం మీద పన్ను హైదరాబాద్‌కు పాతదే. కరీంనగర్, ఆదిలాబాద్‌లకు మాత్రం దక్కింది పోలీసు దాడులే.

నిజాం కాలం సంగతి తెలిసిందే. 1305 ఫసలీలో, అంటే 1895-96 ప్రాంతంలో, జూద నిరోధక చట్టం వచ్చింది. అప్పటికే మలక్‌పేటలో గుర్రాలు పరుగెత్తుతున్నాయి.

అసలు చూడాల్సింది హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన 1948 తర్వాతి ఇరవై ఏళ్లు. సైనిక గవర్నర్ పాలన సాగుతుండగానే, 1358 ఫసలీలో గుర్రప్పందేలు, బెట్టింగ్ పన్నుల రెగ్యులేషన్ తెచ్చారు. 1949 సెప్టెంబర్‌లో రాజ్యాంగ సభలో కొందరు సభ్యులు జూదాన్ని రాష్ట్రాల జాబితాలో చేర్చడమే తప్పన్నారు. జాబితాలో లేకపోతే అదుపు చేసే అధికారమే ఉండదని అంబేడ్కర్ బదులిచ్చారు. తర్వాత సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, ఆ 1305 ఫసలీ చట్టం కిందే, రమ్మీ నైపుణ్యంతో ఆడే ఆట అని సుప్రీంకోర్టు తేల్చింది. అదే 1968 నాటి సత్యనారాయణ తీర్పు.

ఒకపక్క జూదాన్ని నిషేధిస్తూ మరోపక్క గుర్రప్పందేలపై పన్ను వేయడాన్ని సర్కారు కపటమని కొట్టేయడం తొందరపాటే. రేస్‌కోర్సుకు గేటుంది, కౌంటరుంది. కాసిన సొమ్ము లెక్క తేలుతుంది. బొంబాయిలో పత్తి ధరల మీద పందేలుగా మొదలై అరవైల్లో మట్కాగా మారిన ఆటకు గేటు లేదు. మహారాష్ట్ర సరిహద్దున్న ఆదిలాబాద్‌లో అది పాతుకుపోయింది. ఓపెన్, క్లోజ్ అంకెలు చీటీ మీద రాసుకుంటారు. పదింట్లో ఒక అంకె తగిలితే తొమ్మిది రెట్లు ఇస్తారు. సగటున నిర్వాహకుడికి మిగిలేది పదో వంతు. పన్ను ఆశపెట్టేవాళ్లు ఈ పదో వంతును గుర్తుంచుకోవాలి.

1974 గేమింగ్ చట్టం నైపుణ్యపు ఆటలకు మినహాయింపు ఉంచింది. 2017 జూన్‌లో తెలంగాణ ఆర్డినెన్స్ తెచ్చి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీకి దారి మూసింది. మరుసటి నెలలోనే జీఎస్టీ వచ్చి గుర్రప్పందేలపై 28 శాతం పడింది. 2023 అక్టోబర్ నుంచి ఆన్‌లైన్ ఆటల్లో జమచేసిన మొత్తం మీదా అదే రేటు పడింది. అంటే తెలంగాణ నేరమన్నదాన్ని కేంద్రం పన్ను పద్దులో రాసుకుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నెల తిరిగేసరికి గుర్రప్పందేలపై రేటు 40 శాతమైంది.

పదో వంతు మిగిలే వ్యాపారంలో కాసిన సొమ్మంతటి మీద 40 శాతం ఎవరు కడతారు? కట్టలేనివాడు మళ్లీ చీటీకే, టెలిగ్రామ్ గ్రూపుకే పోతాడు. రేటు బాగా తగ్గిస్తే వసూలు కావచ్చు. అప్పుడు కూలోడి నష్టంలో సర్కారు వాటాదారవుతుంది. కాబట్టి రాబడి కోసం ఈ జిల్లాల్లో బెట్టింగ్ తెరవాలన్నది నిలబడే వాదన కాదు. ఐపీఎల్ వేళ నలుగురు చిల్లర ఏజెంట్లను పట్టుకుని చేతులు దులుపుకోవడమూ పాలన కాదు. ముందు యూపీఐ జాడల వెంట సొమ్ము ఎవరి ఖాతాకు చేరుతోందో తేల్చండి. పన్ను మాట ఆ తర్వాత.