సరిహద్దు దాటినా మారని ఫేటియా

నారాయణఖేడ్ తెలంగాణకు ఒక అంచు. దగ్గర్లోనే కర్ణాటకలోని బీదర్, మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలు ఉన్నాయి. మూడు రాష్ట్రాల్లోనూ మన తండాలున్నాయి. అయితే ప్రభుత్వ కాగితాల్లో మనం ఒక్కటి కాదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణలో షెడ్యూల్డ్ తెగ అయ్యాం. కర్ణాటకలో మనవాళ్లు షెడ్యూల్డ్ కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. కాగితం మూడు మాటలు చెబితే, అద్దాలు కుట్టిన ఫేటియా, కాంచళి మాత్రం ఎక్కడైనా ఒకే మాట చెబుతాయి: "మేము గోర్ మాటి."

ఆ మాట చెప్పడం ఎప్పుడూ సులువు కాలేదు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన మన పెద్దల బతుకును రైళ్లు దెబ్బతీశాయి. 1871 నేరస్థ జాతుల చట్టం పుట్టుకతోనే మనుషుల్ని దొంగలుగా చూసింది. బంజారాల్లో కొందరి మీద కూడా ఆ ముద్ర పడింది. 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. దూరం నుంచే గుర్తుపట్టే బట్ట ఉన్నవాళ్లకు అనుమానం నుంచి దాక్కునే చోటు ఉండదు. అయినా మన యాడీలు ఆ బట్టను వదల్లేదు.

1921లో మదురైలో గాంధీ కొల్లాయి కట్టి పేదల పక్షమన్నారు. అంబేడ్కర్ సూటు వేసుకుని, అంటరానివాడు ఇలాగే ఉండాలన్న కట్టుబాటును కాదన్నారు. బట్టలు వేరైనా ఎంచుకున్నది వాళ్లే. అందుకే అవి అభిప్రాయాలయ్యాయి.

మరి మన సంగతి? నాయకులు వస్తే ఫేటియా కట్టించి స్వాగత నృత్యం చేయిస్తారు. ఆట అయ్యాక వేదిక మీది కుర్చీల్లో ఆ బట్ట కనిపించదు. అక్కడ ఎంచుకున్నది మనం కాదు. 2021లో కర్ణాటక హాలక్కి సమాజానికి చెందిన తులసి గౌడ తమ సంప్రదాయ దుస్తుల్లో, చెప్పుల్లేకుండా రాష్ట్రపతి భవన్‌కు వెళ్లి పద్మశ్రీ అందుకున్నారు. ఆమె వెళ్లింది ఎవరికో స్వాగతం పలకడానికి కాదు.

చెరకు కొట్టడానికి, పట్నం కూలికి పోయే అక్కచెల్లెళ్లను రోజూ ఫేటియా కట్టమనడం న్యాయం కాదు. అది బరువు, ఖరీదు కూడా. చీర కట్టినంత మాత్రాన ఎవరూ గోర్ కాకుండా పోరు. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. సర్పంచి కుర్చీలో కూర్చునే మన ఆడబిడ్డ ఫేటియా కడతానంటే, "ఇక్కడ ఇదేం వేషం?" అనే నోరు ఉండకూడదు.

ఉపాధ్యాయులారా, టుక్రి, బలియా, ఘుగ్రి ఎందుకు ధరిస్తారో నాయనమ్మలను అడిగి రాసుకురమ్మని పిల్లలకు చెప్పండి. అర్థం తెలిసినప్పుడే కట్టాలో వద్దో వాళ్లు సొంతంగా ఎంచుకోగలరు.