మనవాడి మాట మీద: ఫార్మింగ్టన్ హిల్స్‌కు ముందూ వెనకా

ఫార్మింగ్టన్ నకిలీ విశ్వవిద్యాలయం గురించి మనవాళ్ళలో రెండు వాదాలే ఎక్కువగా వినిపిస్తాయి. పిల్లలు అత్యాశకు పోయారన్నది ఒకటి, అమెరికా ప్రభుత్వమే వల పన్నిందన్నది మరొకటి. రెండింట్లోనూ నిజముంది. అయితే ఆ వల దాకా చేయిపట్టి నడిపించినవాళ్ళను రెండూ దాటేస్తున్నాయి.

వలసలో మనకు పెద్దదిక్కు ఎప్పుడూ మనవాడే. కాకినాడ రేవు నుంచి రంగూన్‌కు కూలీలను తీసుకెళ్ళిన మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చేవాడు, పని చూపేవాడు, కూలిలో తన వాటా పట్టుకునేవాడు. 1965 వలస చట్టం తర్వాత అమెరికా చేరిన తొలితరం డాక్టర్లు, ఇంజనీర్లు కొద్దిమందే కనుక ఒకరి నడవడి ఒకరికి తెలిసేది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) పుట్టింది అలాంటి పరిచయాల్లోంచే. 1990ల సాఫ్ట్‌వేర్ వెల్లువలో మనిషిని ఎరగకపోయినా ఊరో, కాలేజో కలిస్తే నమ్మకం కుదిరిపోయింది. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడి ఎందరో తెలుగు విద్యార్థులు చిక్కుకున్నా ఆ అలవాటు మారలేదు.

2015లో అమెరికా అధికారులు రహస్యంగా పెట్టిన ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయానికి మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో నార్త్‌వెస్టర్న్ హైవే మీద ఆఫీసు ఉండేది, వెబ్‌సైట్ ఉండేది, ప్రభుత్వ జాబితాలో పేరుండేది. క్లాసు ఉండేది కాదు, పాఠం చెప్పేవారు ఉండేవారు కాదు. ఆ సంగతి చేరినవాళ్ళందరికీ తెలుసని ప్రాసిక్యూషన్ వాదన. క్లాసులెప్పుడని అడిగినవాళ్ళూ ఉన్నారని విద్యార్థుల తరఫు వాదన. ఇద్దరి మాటా కొంతమేరకు నిజమే కావచ్చు. విద్యార్థులు వేసిన ఫీజుల దావాను 2024లో అప్పీళ్ళ కోర్టు మళ్ళీ విచారణకు పంపింది కూడా. నన్ను ఆపేది మరొకటి. 2019 జనవరిలో దళారులుగా అరెస్టయిన ఎనిమిదిమందీ తెలుగువాళ్ళే. కనీసం 600 మంది అక్కడ చేరడానికి వీళ్ళు తోడ్పడ్డారని, అందరూ కలిసి రెండున్నర లక్షల డాలర్లకు పైగా తీసుకున్నారని అభియోగపత్రం చెప్పింది. తర్వాత నేరం ఒప్పుకున్నారు. వీసా గడువు ముంచుకొస్తున్న కుర్రాడు నిబంధనల పుస్తకం తెరవడు, 'అన్నా, ఏం చేయమంటావ్?' అని ఫోన్ చేస్తాడు. ఆ అన్నకు తలకింత అని కమీషన్ ముడుతోందని అతనికెలా తెలుస్తుంది?

అరెస్టుల తర్వాత తెలుగు సంఘాలు విద్యార్థులకు లాయర్లను కుదిర్చాయి, వీసా నిబంధనల మీద అవగాహన సదస్సులు పెట్టాయి. అది మంచిపనే. కానీ నేటికీ సంఘాల ఎన్నికల్లో ప్యానెళ్ళ బలం, విరాళాల మొత్తం చర్చకొచ్చినంతగా అభ్యర్థి నడవడి రాదు. కన్సల్టెన్సీ నడిపే పెద్దమనిషి పదవికి నిలబడితే, తన దగ్గర చేరిన కుర్రాళ్ళకు జీతాలు వేళకు ఇచ్చాడా, ఎవరినైనా కాలేజీలో చేర్పించి కమీషన్ తీసుకున్నాడా అన్న ప్రశ్నలు ఓటర్లు సభలో నిలబడి అడగాలి.