కానుగ: నామవిచారము, శాస్త్రపరిశోధనము

అనంతపురమండలమున నేటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు నొకయేడు కురిసిన క్రమమున మఱుసటియేడు కురియదు. 1882లో బళ్లారినుండి విడివడి ప్రత్యేకమండల మగుటకు ముందే, 1876-78 సంవత్సరముల మహాక్షామము ఈ సీమను పాడుచేసెను. పిదప వేరుసెనగ యెఱ్ఱనేలల నాక్రమించినది. వాన తప్పినయేట నా పైరు నేలతోడనే యెండును. అట్టి యేటగూడ చెఱువుగట్టులను, వంకల యొడ్డులను, బాటల ప్రక్కలను పచ్చగా నిలుచు వృక్షములలో కానుగ ముఖ్యమైనది. దీని తల్లివేరు లోతునకు దిగును. వేళ్ల బుడిపెలలో నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి చెట్టున కందించును. ఆకు, గింజ, నూనె, పిండి యన్నియు చేదే. మేకలుగూడ దీనిని తఱుచుగా విడిచిపోవును. ఈ చేదే యీ వృక్షమునకు రక్షయు, శాస్త్రజ్ఞులకు పరిశోధ్యవస్తువును అయినది.

సంస్కృతమున దీని పేళ్లు పెక్కు. అమరసింహుడు వనౌషధివర్గమున చిరిబిల్వ, నక్తమాల, కరజ, కరంజకశబ్దములను పర్యాయములుగా జెప్పి, పూతికరజాదులను వెనువెంటనే వేఱుగా బేర్కొనెను. సుశ్రుతుడు వరుణాదిగణమున పూతీకమును నక్తమాలమును రెంటిని జదివెను గావున ఆ రెండును భిన్నద్రవ్యములనుట స్పష్టము. అర్కాదిగణమున కరంజద్వయమును జేర్చి, ఆ గణము క్రిమికుష్ఠముల నణచుననియు, వ్రణశోధన మనియు నతడు చెప్పెను. నేడు చిరిబిల్వమును నెమలినార యనువారు కలరు. పూతికరంజమును గచ్చ యని కొందఱు, నెమలినార యని కొందఱు వ్యవహరింతురు. పర్యాయపదములను వల్లించుట సులభము, చెట్టును గుర్తించుట కష్టము. ఈ చిక్కు నిఘంటువుతో నాగదు. వైద్యుడు కరంజమని వ్రాసిన చీటికి అంగడిలో గచ్చకాయ లభించినచో రోగి కది మఱియొక మందు.

కాళిదాసు రఘువంశపంచమసర్గమున అజుని సేన నర్మదాతీరమున విడిసిన సందర్భమున, నీటితుంపురులతో దడిసిన గాలికి నక్తమాలములు కదలాడుచుండెనని వర్ణించెను. నదీతీరవృక్షముగా కవి యెఱిగిన యీ చెట్టు పెన్నా చిత్రావతీ తీరములందును గలదు. నీరు కానరాని గట్లమీదను గలదు.

ఇక తెలుగుమాట. గానుగలో నాడింపబడు గింజ గావున కానుగ యని కొందఱందురు. ఇది యుక్తము కాదు. క్రానుగ యను ప్రాచీనరూప మొకటి కలదు. క్రొత్త కొత్తయైనట్లు, ప్రాత పాతయైనట్లు, మ్రాను మానైనట్లు, క్రానుగయు రేఫలోపముచే కానుగ యైనది. గానుగశబ్దమున రేఫ మెక్కడిది? ధ్వనిసామ్యమును జూచి వ్యుత్పత్తిని గల్పించుటకు ఇది చక్కని యుదాహరణము.

పాశ్చాత్యవృక్షశాస్త్రజ్ఞులు దీనికి బెట్టిన పేళ్లును దక్కువ గావు. లిన్నేయసు 1753లో సైటిససు పిన్నేట యనెను. సామర్లకోటలో బనిచేసిన రాక్సుబర్గు తన గ్రంథమున గాలెడూపా యను పేర వర్ణించెను. మలయాళమందలి పొంగమను మాటనుండి పొంగేమియా యను జాతినామము వచ్చినది. 1803లో పొంగేమియా గ్లేబ్రా యనియు, 1899లో పొంగేమియా పిన్నేట యనియు, 1989లో మిల్లెషియా పిన్నేట యనియు వ్యవహారము మాఱినది. పాణినీయమున తుల్యబలములగు రెండు సూత్రములకు విరోధము గలిగినచో పరసూత్రము బలవత్తరము. వృక్షశాస్త్రమున నందులకు విపరీతముగా పూర్వనామమే బలవత్తరము. అందుచేతనే లిన్నేయసు పెట్టిన పిన్నేటశబ్దము మరల వాడుకకు వచ్చినది.

రసాయనపరిశోధనమున మూడుభాషల పేళ్లును గలిసినవి. నూనెనుండి స్ఫటికరూపముగా వేఱుపఱుపబడిన ద్రవ్యమునకు సంస్కృతనామమును బట్టి కరంజిను అని పేరు. 1925 ప్రాంతమున పుణ్యపట్టణమున లిమయే దీనిని శోధించెను. మఱియొక ద్రవ్యము పొంగమాలు, ఇది మలయాళపదజన్యము. ఆంధ్రవిశ్వకళాపరిషత్తున 1933 మొదలు 1949 వఱకు రసాయనశాస్త్రము బోధించిన తి. రా. శేషాద్రియు, ఆయన సహచరుడు రంగస్వామియు, తక్కిన శిష్యులును కానుగచెట్టును అంగాంగముగా బరిశీలించిరి. వేళ్లనుండి వారు తీసిన ఫ్లేవోనునకు కానుగిను అని నామకరణము చేసిరి. వాల్తేరునకు యుద్ధభయము గలిగి 1942లో విశ్వవిద్యాలయము గుంటూరునకు దరలి, 1946 వఱకు నచ్చటనే యుండినను, ఈ పరిశోధన లాగిపోలేదు. తెలుగురైతు నోటనున్న మాట ప్రత్యయమాత్రభేదముతో ప్రపంచరసాయనగ్రంథముల కెక్కుట సామాన్యవిషయము కాదు. మన పాఠశాలలలో దీనిని జెప్పువారు మాత్రము అరుదు.

రాయలసీమలో చెఱువులక్రింది వరిమళ్లలో కానుగమండలను ద్రొక్కుటయు, గింజపిండిని ఎరువుగా జల్లుటయు చిరకాలపు టాచారములు. పిండి చల్లిన చేలలో చెద తగ్గునని రైతు లెఱుగుదురు. ఇందు మఱియొక కారణమును గలదు. నేలలోని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రేటుగా మార్చును. నైట్రేటు నీటితో గలిసి క్రిందికి గొట్టుకొనిపోవును. కరంజిను ఈ మార్పును మందగింపజేయునని 1977లో సహరావత్, ముఖర్జీ ప్రకటించిరి. ఏ చేదుచే నూనె వంటయింటికి రాకపోయెనో, ఆ చేదే పొలమున నత్రజనిని నిలుపుచున్నది.

దీపమునకును, సబ్బునకును, తోళ్లపదునునకును, చర్మరోగములకును వాడబడిన యీ తైలము ఇటీవల యంత్రముల యింధన మైనది. మెథనాలుతో గలిపి క్షారసాహాయ్యమున బక్వము చేసినచో గ్లిసరిను వేఱుపడి, డీజిలుయంత్రమునకు దగిన ద్రవము మిగులును. నిలువయుంచిన నూనెలో ఆమ్లము పెరిగి యుండునేని క్షారముతో సబ్బు గట్టును. కావున ముందుగా ఆమ్లసంస్కార మవసరము. పూర్వపు ఆదిలాబాదు మండలమందలి పవర్‌గూడలో గిరిజనస్త్రీలు కానుగలు నాటి నూనె తీసిరి. డీజిలునకు బదులుగా నా తైలము వాడుటచే దగ్గు 147 టన్నుల బొగ్గుపులుసుగాలికి 2003లో ప్రపంచబ్యాంకు 645 డాలర్లు చెల్లించెను. 2009 నాటి కేంద్రప్రభుత్వవిధానము 2017 నాటికి నూటికి ఇరువదివంతులు జీవేంధనము గలుపవలెనని సంకల్పించినది; డీజిలువిషయమున నది నెఱవేఱలేదు.

నెఱవేఱమికి హేతువు చెట్టునందే కొంత కలదు. గింజనుండి మొలచిన కానుగలు ఒకదానివలె నొకటి కావవు. ప్రక్కప్రక్కన నున్న రెండు చెట్లలో నొకటి విరివిగా గాచును, రెండవది కాయనే కాయదు. నూనెపాలును గింజలలో నూటికి ఇరువదియేడు మొదలు నలువదివఱకు మాఱును. మంచిచెట్టు కొమ్మను అంటుగట్టుట యిందులకు యుపాయము. అనంతపురముననే జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతికవిశ్వవిద్యాలయమునకు జెందిన తైలపరిశోధనాలయము గలదు. కాని నూనెశోధన యొకటి, చెట్టునెన్నిక యొకటి. వేరుసెనగ నాలుగునెలలలో నింటికి వచ్చును. కానుగ నాటినవాడు కాపునకై నాలుగేండ్లకు దక్కువ గాకుండ నెదురుచూడవలెను. ఎదురుచూచిన పిదప తాను నాటినది గొడ్డుచెట్టని తెలిసినచో నరికివేయును. గట్టుమీద నెవ్వరును నాటక మొలచినది మాత్రము నిలిచియుండును.