మినహాయింపు, నియమం: హోసూరు తెలుగు బడులు నేర్పే న్యాయపాఠం

సమన్యాయపాలన అనే మాట మన పాఠ్యపుస్తకాలలో తరచు కనిపిస్తుంది. చట్టం ముందు అందరూ సమానులే అని దానికి అర్థం చెప్పుకొని సాగిపోతాం. ఇంగ్లండులో డైసీ 1885లో ఈ భావనకు ఇచ్చిన రూపం ప్రధానంగా పాలకుల ఇష్టారాజ్యాన్ని అరికట్టడానికి ఉద్దేశించింది. 1964లో అమెరికా న్యాయశాస్త్రవేత్త లాన్ ఫుల్లర్ మరో మెట్టు ఎక్కి, చట్టం చట్టమనిపించుకోవడానికి ఎనిమిది లక్షణాలు ఉండాలన్నాడు. చట్టం ముందుగా తెలియాలి, స్పష్టంగా ఉండాలి, పాటించడం మనిషికి సాధ్యం కావాలి, మాటిమాటికీ మారకూడదు అనేవి వాటిలో నాలుగు. ఈ నాలుగింటినీ పరీక్షించి చూడటానికి హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగు బడులు మనకు దగ్గరి ఉదాహరణ.

హోసూరు పేరు కన్నడం. ‘హొస ఊరు’ అంటే కొత్త ఊరు. కచేరీ భాష తమిళం. చుట్టుపక్కల ఎన్నో పల్లెల్లో ఇంటి మాట తెలుగు. ఒకప్పుడు సేలం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోకి వచ్చింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. పటాస్కర్ సిఫార్సుల ననుసరించి 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మద్రాసు రాష్ట్రాల హద్దులు సవరించారు. ఇన్ని మార్పుల తరువాత కూడా హోసూరు నేటి తమిళనాడులోనే ఉంది. గీత ఎంత జాగ్రత్తగా గీసినా రెండు పక్కలా కొందరు మిగిలిపోతారు. వారి కోసమే 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ, 350బి అధికరణాలు చేర్చారు.

భాషాశాస్త్ర విద్యార్థులు 350ఎ అధికరణంలోని క్రియను గమనించాలి. అల్పసంఖ్యాక భాషావర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. ‘కల్పించాలి’ అనడం వేరు, ‘కల్పించడానికి ప్రయత్నించాలి’ అనడం వేరు. ‘తగిన’ అంటే ఎంత? 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం దీనికి లెక్క చెప్పింది. బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష మాట్లాడే పిల్లలుంటే ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నది ఆ తీర్మానం. పల్లెలోని తల్లిదండ్రులు కూడా వేళ్లమీద లెక్కపెట్టుకోగల నియమం అది. రాజ్యాంగ హోదా మాత్రం లెక్కకు గాక ‘ప్రయత్నానికి’ దక్కింది.

2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006–07లో ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేశారు. ఇందులో తమిళం మొదటి భాగం, ఇంగ్లీషు రెండవది, మిగతా పాఠ్యాంశాలు మూడవది. మొదటి భాగంలో ఉండిన తెలుగు ఐచ్ఛికమై నాలుగవ భాగంలోకి జారింది. ఆ మొదటి జట్టు 2015–16లో పదో తరగతికి చేరింది.

ఇటువంటి నిర్బంధం చెల్లుతుందా? సుప్రీంకోర్టు తీర్పులు పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కనిపిస్తుంది. 1971లో డి.ఎ.వి. కళాశాల కేసులో, పంజాబీనే ఏకైక బోధనా మాధ్యమం చేయడాన్ని కోర్టు కొట్టివేసింది. 2004లో ఉషా మెహతా కేసులో, మహారాష్ట్రలోని గుజరాతీ బడులలో మరాఠీని ఒక పాఠ్యాంశంగా తప్పనిసరి చేయడాన్ని సమర్థించింది. 2014లో కర్ణాటక కేసులో రాజ్యాంగ ధర్మాసనం, పిల్లవాడి మాతృభాష ఏదో నిర్ణయించవలసింది ప్రభుత్వం కాదు, తల్లిదండ్రులో సంరక్షకులో అని తేల్చింది. స్థూలంగా చెబితే, ప్రాంతీయ భాషను అదనంగా నేర్పవచ్చు, అల్పసంఖ్యాకుల భాషను తొలగించకూడదు.

హోసూరు ఈ రెంటికీ మధ్య నిలిచింది. తమిళం కలిసింది, తెలుగు పోలేదు గాని స్థానం మారింది. ఇది అదనమా, తొలగింపా? పార్కులోకి వాహనాలు రాకూడదన్న నియమం కారుకు స్పష్టమే, పిల్లల సైకిలుకు వర్తిస్తుందా అని హార్ట్ 1958లో అడిగాడు. ప్రతి నియమానికీ వెలుగున్న నడిమి భాగమూ, నీడపడిన అంచూ ఉంటాయని ఆయన సిద్ధాంతం. హోసూరు పిల్లలు ఆ అంచులో చదువుకొన్నారు.

అంచున ఉన్నవారికి కోర్టు చేయగల మేలు అంచు ఎక్కడో గీచి చూపడం. జరిగింది వేరు. 2016లో మద్రాసు హైకోర్టు అల్పసంఖ్యాక భాషావర్గాల విద్యార్థులకు తమిళ పరీక్షనుంచి మినహాయింపు ఇచ్చింది. తరువాతా గడువులతో మినహాయింపులు వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరొక్క ఏడాది పొడిగించింది. ఆ ఏటి పిల్లలకు అది గొప్ప ఊరటే. కాని ఫుల్లర్ కొలతతో చూడండి. ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడికి పదో తరగతిలో ఏ పరీక్ష రాయాలో తెలియదు. పరీక్షకు కొన్ని నెలల ముందు తెలిసే హక్కు దయను పోలి ఉంటుంది. తమిళ ఉపాధ్యాయుడు లేని బడిలో తమిళ పరీక్ష పెట్టడం అసాధ్యాన్ని ఆజ్ఞాపించడం. తెలుగు ఉపాధ్యాయుడు లేని బడిలో తెలుగు ఐచ్ఛికమనడం మాటవరసకే.

ఈ వాదం తమిళం మీద కాదు. హోసూరులో ఉద్యోగానికీ, సంతకూ, పొరుగువారి స్నేహానికీ తమిళం కావాలి. అక్కడి తెలుగువారు దాన్ని నేర్చుకొంటూనే వచ్చారు. పైగా తెలంగాణ 2018లో బడులలో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. హోసూరు తెలుగు పిల్లవాడికి మనం కోరే న్యాయం హైదరాబాదులోని తమిళ పిల్లవాడికీ వర్తించాలి. తనవారికి అనుకూలించినప్పుడే గుర్తొచ్చేది సమన్యాయం కాదు.

కనుక అడగవలసింది మరో ఏడాది మినహాయింపు కాదు. ఒకటో తరగతినాడే తెలిసే నియమం, దానితోపాటు 1949 నాటి లెక్కకు చట్టబద్ధత. ఎంతమంది పిల్లలుంటే ఎవరిని నియమించాలి, మాతృభాష మార్కులు ఉత్తీర్ణతకు లెక్కకొస్తాయా లేదా అన్న రెండు ప్రశ్నలకు స్పష్టమైన సమాధానం రాతలో ఉంటే, హోసూరు పిల్లవాడు కోర్టు తేదీలకోసం గాక పాఠం కోసం బడికి వెళ్లగలుగుతాడు.